మూటలో వచ్చిన సింహం

బొల్లిగట్టు,
29 మే 2025

నా నంబరును బ్లాక్ చేసిన వనజక్కకు,

తమ్ముడు జితేందర్ రాస్తున్నాడు. ఫోను మూసేస్తే నా నోరు మూతపడుతుందని అనుకున్నావు. దేశంలో పోస్టాఫీసులు ఇంకా ఉన్నాయి. మన ఊరి పోస్టు డబ్బాలో తేనెటీగలు పట్టాయి కాబట్టి తిమ్మాజిపేట దాకా సైకిలు తొక్కి మరీ వేస్తున్నాను. రోజుకు నలభై మెసేజులు పంపిన మాట నిజమే. కానీ అవి గుడ్ మార్నింగ్ పూలు కావు. విద్యారంగ సంక్షోభం మీద వ్యాసాలు. పూలు పంపేవాళ్ళను ఎవరూ బ్లాక్ చేయరు, గమనించావా?

విషయానికి వస్తాను. మనిద్దరం పలక పట్టిన బడికి జూలై ముప్పై ఒకటి గడువు పెట్టారు. పోయినేడు చివరికి మిగిలింది ఏడుగురు. ఆ తేదీకి ఇరవై మంది లేకపోతే తాళం వేసి, పిల్లలను పెద్దరోడ్డు అవతలి ఊరి బడిలో కలుపుతామని మండలం బడులను చూసే ఎంఈఓ సారు కృప టీచరుకు చెప్పి పోయాడు. లారీలు తిరిగే రోడ్డు దాటి ఆరేళ్ళ పిల్ల ఎట్లా పోతుంది? తెల్లారకముందే కూలికి పోయే దేవమ్మ బిడ్డను అక్కడ దింపి వస్తుందా? బడి మాన్పిస్తుంది, అంతే. ఇక అమ్మ సంగతి. పదకొండేళ్ళుగా ఆ బడి పిల్లలకు వండి పెడుతోంది. బడి పోతే ఆమె చేతిలో గరిటె పోతుంది.

ఊళ్ళో పిల్లలు లేరా అంటే, నలభై మంది ఉన్నారు. పొద్దున ఎనిమిదింటికి పసుపు వ్యాను వచ్చి హారన్ కొడుతుంది. ముప్పై మందిని ఎక్కించుకొని ప్రైవేటు బడికి పోతుంది. అందుకే 'విద్య అంగడి సరుకా?' అని కరపత్రం రాసి ఐదు వందలు కొట్టించాను. జములమ్మ అవ్వ వంద అడిగి తీసుకుంటే చైతన్యం వచ్చిందని పొంగిపోయాను. మర్నాడు మిరపకాయ బజ్జీలు వాటిలోనే కట్టి ఇచ్చింది. "ఈసారి జర మందం కాయితం మీద అచ్చేయించు బిడ్డా, నూనె బయటికొస్తుంది" అని సలహా కూడా ఇచ్చింది.

మరి నువ్వేం చేశావు? నా మేనకోడలు శ్రుతిని గద్వాలలో 'సిల్వర్ లయన్ గ్లోబల్ స్కూల్' అనే దుకాణంలో వేశావు. ఆ దుకాణానికే యూనిఫాంలు కుడుతున్నావు. పోయిన దసరాకు వచ్చినప్పుడు ఆ సింహం బొమ్మ చొక్కా తొడిగి, దాని చేత ఇంగ్లీషు పాట పాడించి వీధి వీధి తిప్పావు. ఆ పాట విన్నాకనే వెంకటన్న తన బిడ్డ సింధూజను మన బడి నుంచి తీసి వ్యాను ఎక్కించాడు. ఆయన వెనక ఆరుగురు. ఈ నేరంలో నీ వాటా ఎంతో ఆలోచించుకో. శ్రుతిని ఈ జూన్‌లోనే సర్కారు బడిలో వెయ్యి. లేదంటే నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను.

రాజీ లేని
జితేందర్

గద్వాల,
4 జూన్ 2025

తమ్మి జితేందర్‌కు,

అక్క రాసేది. మిషన్ మీద పని ఉన్నది, చిన్నగనే రాస్త. నీ ఉత్తరం తెచ్చిచ్చిన పోస్టుమాన్ "కోర్టు నోటీసా అమ్మా?" అని భయపడుతూ అడిగిండు. కవరు మీద ఎర్ర సిరతో నినాదం రాస్తరారా ఎవరన్న? నా పేరు కంటే నీ నినాదమే పెద్దగున్నది.

శ్రుతి చదువు సంగతి నాకు, మీ రవి బావకు విడిచిపెట్టు. ఆ మాట ఇంక ఎత్తకు. నీళ్ళు ముట్టనంటివి కద, మంచిదే. పోయినసారి వచ్చినప్పుడు నీళ్ళొక్కటే ముట్టలె నువ్వు, తక్కినయన్ని ముట్టినవ్. చేపల కూర అడుగంట ఊడ్చినవ్.

నీ కరపత్రం మూడుసార్లు చదివిన. మొదటి రెండుసార్లు అర్థం కాలె. 'నయా ఉదారవాద విధానాలు' అంటే ఏందిరా? దేవమ్మకు చెప్పినవా ఆ ముక్క? ఆమె ఏమన్నది?

నేను చదివింది పదో తరగతే గానీ పదేండ్ల నుంచి పిల్లల బట్టలు కుడుతున్న. ఒక్క ముచ్చట చెప్త విను. తల్లులు బడిని చూడరు. బడికిపోయే పిల్లను చూస్తరు. పొద్దున వీధిల రెండు గుంపులు కనవడ్తయి. ఒక గుంపుకు మెడల టై, నడుముకు బెల్టు. ఇంకో గుంపుకు నిరుటి చొక్కా, ఊడిన గుండీ. ఏ తల్లి పానమన్న ఎటు కొట్టుకుంటది? నువ్వు అంగడి సరుకు, అంగడి సరుకు అని మొత్తుకుంటున్నవ్. అంగట్ల కూడ ముందు సరుకును కడిగి, తుడిచి పెడ్తరు తమ్మీ.

అమ్మ మోకాళ్ళకు తైలం బస్సులో పంపిన. నువ్వు పూసుకోకు.

నీ అక్క
వనజ

బొల్లిగట్టు,
14 జూన్ 2025

సరుకు కడిగి పెట్టమన్న అక్కకు,

బడి తెరిచి మూడు రోజులైంది. ఏడుగురిలో ఇద్దరు తగ్గి ఐదుగురు మిగిలారు. కృప టీచరు ఇల్లిల్లూ తిరిగింది. మన బడిలోనూ ఇంగ్లీషు మీడియమే అని చెప్పింది, రెండో తరగతి పిల్ల చేత చదివించి మరీ చూపించింది. "సర్కారు ఇంగ్లీషు వేరుంటది టీచరమ్మా" అన్నారట.

ఇక లాభం లేదని నిన్న పొద్దున నేను ప్రత్యక్ష కార్యాచరణకు దిగాను. వ్యానుకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నాను. డ్రైవరు రాజు దిగి వచ్చి, "అన్నా, నీ చెప్పు టైరు కింద ఉన్నది, జర తీసుకో, తెగుతది" అన్నాడు. తీసుకున్నాను. ఆయన వ్యాను వెనక్కి తిప్పి కురుమూర్తి ఇంటి సందులోంచి పోయాడు. కిటికీల నుంచి ముప్పై మంది పిల్లలు చేతులూపారు. నేను ఇంకా పడుకొనే ఉన్నాను, ఎందుకంటే లేచే సమయం ఏదో ఏ పుస్తకంలోనూ రాయలేదు. అమ్మ బడికి పోతూ ఆగి, "ఆడ్నే పండుకుంటవారా? మరి నీ మీద వడియాలు పెట్టిపోనా?" అంది.

వెంకటన్నతో గంటసేపు వాదించాను. అంతా ఓపిగ్గా విన్నాడు. విని, "నీ ఉపన్యాసం మంచిగున్నది తమ్మీ. మరి టై ఏది?" అన్నాడు.

అక్కా, టై అనేది వలస పాలకులు మన మెడకు తగిలించి పోయిన ఉరితాడు. మన ఎండలకు అది పనికిరాదు. మన మెడకు అది అవమానం. ఈ మాటకు నేను కట్టుబడి ఉన్నాను. దయచేసి ఇరవై ఐదు పంపు.

బెల్టులు కూడా. సర్కారు యూనిఫాం ఎప్పుడొస్తుందో టీచరుకే తెలియదు కాబట్టి తెల్లచొక్కాలు, నీలం లాగులు, గౌన్లు కూడా. గుడ్డ సంగతి ఎట్లనన్న చేద్దాం. కానీ ఒక్క షరతు. సాదాగా ఉండాలి. ఏ గుర్తూ, ఏ బొమ్మా ఉండకూడదు. ఇది రాజీ కాదు, ఎత్తుగడ. తేడా ఉంది.

ఎత్తుగడలో ఉన్న
జితేందర్

గద్వాల,
20 జూన్ 2025

ఎత్తుగడల తమ్మికి,

మూట బస్సులో వేసిన. ఇరవై ఆరు జతలు, టైలు, బెల్టులు. గుడ్డ గురించి పరేషాన్ కాకు. ఇవి కుట్టినవే, ఎవరూ తొడగనివి. ఒక పార్టీ ఆర్డరిచ్చి తీసుకపోలె. ఆరు నెలల నుంచి అటక మీద పడున్నయి. ఎలుకలు కొట్టేకంటే మనూరి పిల్లలు తొడుగుతరు.

మూట మాత్రం నువ్వు విప్పకు. నీ చేతులకు ఎప్పుడు సిర అంటుకోనుంటది, తెల్లబట్ట ఆగమైతది. అమ్మ, కృప టీచరు విప్పి సైజులు చూసి ఇయ్యని. నువ్వు ఇరవై ఆరో తారీకు నాగర్‌కర్నూలుకు ధర్నాకు పోతున్నవట కద, అమ్మ చెప్పింది. అదే రోజు పంచుమన్న. నువ్వు నిమ్మలంగ పోయి మంచిగ అరిచిరా.

అక్క
వనజ

మామా నేను శ్రుతి. అమ్మ చాయ్ పెట్టనీకి లోపటికి పోయింది. మా బడిల వారానికి మూడుసార్లు గుడ్డు పెడ్తరు. నాది పచ్చసొన రజియాకు ఇస్త, ఆమె తెల్లది నాకిస్తది. మా బడి మా ఇంటి ఎనకనే, నడిచే పోత. మా సారు సైకిల్ మీద వస్తడు. నేను రాసినా అని అమ్మకు చెప్పకు.

బొల్లిగట్టు,
28 జూన్ 2025

కొంప ముంచిన అక్కకు,

ఈ ఉత్తరం చల్లారాక రాద్దామని రెండు రోజులు ఆగాను. చల్లారలేదు.

గురువారం కలెక్టరాఫీసు ముందు "ప్రైవేటు బడుల దోపిడీ నశించాలి" అని గొంతు చించుకొని వచ్చి బస్సు దిగాను. ఎదురుగా మన బడి పిల్లలు ఐదుగురు నడిచి వస్తున్నారు. తెల్లచొక్కా, నీలం టై, బెల్టు. చూడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికి వచ్చాక ఆ నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి. ఎడమ జేబు మీద వెండి సింహం! సింహం కింద 'సిల్వర్ లయన్ గ్లోబల్ స్కూల్'!

నేను అడిగింది సాదా బట్టలు. నువ్వు శత్రువు జెండా పంపావు. మూట మారిందా? కళ్ళు కనిపించలేదా?

తర్వాత ఏమైందో విను. సర్కారు మన బడిని లోపల్లోపల గద్వాల కంపెనీకి అమ్మేసిందని ఊరంతా పొక్కింది. శుక్రవారం ఆరుగురు చేరారు. ఇవాళ ఎనిమిది మంది. మొత్తం పంతొమ్మిది! కృప టీచరు అబద్ధం చెప్పే మనిషి కాదు. వచ్చిన ప్రతి తల్లితోనూ "ఇది మన సర్కారు బడేనమ్మా, బట్టలు మాత్రం దానం వచ్చినవి" అని చెబుతూనే ఉంది. వాళ్ళు "అవునవును, మన బడే, మాకు తెల్వదా" అని కన్నుకొట్టి పోతున్నారు. జములమ్మ అవ్వ అయితే అందరికీ వివరిస్తోంది: "ఇప్పుడు ఫీజు అడగరు. అలవాటు చేసి అడుగుతరు. ఫోన్ సిమ్ముల లెక్క."

వెంకటన్న సింధూజను తెచ్చి చేర్పించి, జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. టీచరు వద్దంది. ఆయనకు కోపమొచ్చింది. "వద్దంటే ఎట్ల? ఫీజు కట్టకుంటే రేపు పిల్ల చదువు మంచిగ లేకపోతే ఎవరినడగాలె నేను?" అన్నాడు. నా దగ్గర దీనికి నాలుగు పేజీల జవాబు ఉంది. ఆయన రెండో పేజీ దగ్గర బీడీ ముట్టించుకొని లేచిపోయాడు.

అమ్మ మాత్రం ఐదుగురికి వండే గిన్నె పక్కన పెట్టి, పెద్ద గిన్నె తోముకుంటూ పాట పాడుతోంది. ఆమెకు సిద్ధాంతం లేదు.

అన్నిటికంటే ఘోరం, సింహం చొక్కాల పిల్లలతో నేనున్న ఫోటోను ఎవరో ధర్నా చేసిన మా సంఘం గ్రూపులో పెట్టారు. 'విద్యా వ్యాపారుల ఏజెంటుగా మారిన తీరుపై పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి' అని నాకు నోటీసు వచ్చింది. ఆ వాక్యం రాయడం వాళ్ళకు నేర్పింది నేనే.

ఇంకొకటి. శ్రుతి బడిలో గుడ్డు పెడుతున్నారట కదా. (నాకు ఎవరూ చెప్పలేదు.) చూశావా, ప్రైవేటు వాళ్ళు మన గుడ్డును కూడా దొంగిలించారు! దీని మీద ఒక కరపత్రం వేస్తున్నాను.

నీ చేతిలో బలైన
జితేందర్

గద్వాల,
3 జూలై 2025

బలైన తమ్మికి,

అయ్యో, సింహం ఉన్నదా దాని మీద? పని తొందరల చూసుకోలె. పెద్ద తప్పే జరిగె. ఏం చేద్దం, నీ అక్క గుడ్డిది.

ఇప్పుడెంతమందైండ్రు? నిన్న ఇరవై ఒకటని అమ్మ చెప్పింది. నిజమేనా?

అరే జితూ, ఒక్క పని చెయ్యి. జూలై ముప్పై ఒకటి దాక నోరు మూసుకో. ఎంఈఓ సారు వచ్చి తలలు లెక్కబెట్టుకొని పోయినంక నువ్వు గుట్టెక్కి అరువు. అంతదాక మీటింగులు వద్దు, ఉపన్యాసం వద్దు. టీచరు నిజమే చెప్తున్నది కద, చాలు. నువ్వు గూడ చెప్పాల్సిన పనిలేదు. నీ నోటికి గుండీ కుట్టే వీలుంటే ఆ మూటలనే కుట్టి పంపేదాన్ని.

ఆ గుడ్డు కరపత్రం మాత్రం వెయ్యకు. నా మీద ఒట్టు. ఎందుకని అడగకు.

శ్రుతికి రెండు జెల్లలు పీకిన. నువ్వు బ్రాకెట్ల రాస్తే నాకు కనవడదనుకున్నవా?

అక్క
వనజ

బొల్లిగట్టు,
20 జూలై 2025

అక్కకు,

ఇవాళ నినాదం లేదు. కవరు చూసే ఉంటావు.

నిన్న బడిలో తల్లిదండ్రుల మీటింగు. ఇరవై నాలుగు మంది పిల్లలు, గది నిండా జనం. వెంకటన్న లేచి, "కంపెనీ వచ్చినంక బడి ఎంత మంచిగైంది చూడుండ్రి. సర్కారోళ్ళ చేతుల ఉన్నన్నాళ్ళు నాశనం చేసిండ్రు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అదే కృప టీచరు, అదే నల్లబల్ల, అమ్మ వండిన అదే పప్పు. ఆ టీచరునే పక్కన పెట్టుకొని లేని కంపెనీకి చప్పట్లు! టీచరు తల వంచుకొని హాజరు పట్టీ సర్దుకుంటోంది.

నోరు మూసుకోమన్న నీ మాట నాకు గుర్తుంది. నాలుక కొరుక్కున్నాను. బెంచీ పట్టుకున్నాను. తర్వాత చూస్తే బెంచీ మీద నిలబడి ఉన్నాను. "ఏ కంపెనీ లేదు! ఏ సింహం లేదు! బట్టలు మా అక్క పొరపాటున పంపింది! మీరు చప్పట్లు కొట్టింది సర్కారు బడికి!" అని అరిచాను.

వాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారనుకున్నాను.

వెంకటన్న మొహం మాడిపోయింది. "అంటే మూడు వారాల నుంచి నా బిడ్డను సర్కారు బడికి పంపుతున్ననా? నాకు చెప్పకుండ?" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పానండీ" అంది టీచరు. "నువ్వు చెప్తే మేం నమ్ముతమా? నువ్వు సర్కారు మనిషివి!" అన్నాడు. జములమ్మ అవ్వ, "నీ నోట్ల మన్నువడ, వాళ్ళు సంతోషంగ ఉంటే నీకేం కడుపునొప్పిరా?" అని నన్నే తిట్టింది. దేవమ్మ మాత్రం బిడ్డ టై ముడి సరిచేస్తూ కూర్చుంది. ఆమెకు వ్యాను లేదు, ఇంకో బడి లేదు. అందరికంటే ఆమె వైపు చూడటమే నాకు కష్టమైంది.

రేపు పండగ సెలవు. ఎల్లుండి నుంచి వ్యాను పంపమని వెంకటన్న రాజుకు ఫోను చేశాడట. గడువుకు పదకొండు రోజులున్నాయి. నేను నిజం చెప్పాను అక్కా. నిజం చెబితే బడి నిలబడాలి కదా? ఎక్కడ తప్పింది?

అమ్మ నాతో మాట్లాడటం లేదు. నీకు ఫోను చేస్తానంటే ఆమె ఫోను ఇవ్వలేదు. అన్నం గిన్నె పిల్లికి పెట్టినట్టు దూరంగా పెట్టి పోతోంది. పోస్టుకు టైం లేదని గద్వాల బస్సు కండక్టరు కాళ్ళు పట్టుకొని ఇది ఇస్తున్నాను. ఏం చెయ్యమంటావో చెప్పు. ఈసారి వింటాను.

జితు

గద్వాల,
22 జూలై 2025

జితూ,

అమ్మ ఫోన్ చేసింది. ఇయ్యాల పొద్దున మన బడి పిల్లలు పన్నెండు మంది వ్యాను ఎక్కిండ్రట. నిన్ను తిట్టుదమనే కూసున్న. కాగితం తీసినంక తిట్లు రాలె. వేరే ముచ్చటొచ్చింది. నింపాదిగ చదువు.

ఆ సింహం పొరపాటున రాలె. ఇరవై ఆరు చొక్కాలు ఒక్కొక్కటి నేనే ఇస్త్రీ చేసి, జేబు పైకి కనవడేటట్టు మడతపెట్టి కట్టిన. నువ్వు ఊళ్ళె లేని రోజు చూసి పంచుమన్న. అమ్మకు మొదటి నుంచి ఎరుకనే. నీ కరపత్రంతోని ఇరవై మంది రారని నాకు తెలుసు. సింహం వస్తే వస్తరని కూడ తెలుసు. ఎందుకంటే దసరాకు ఆ సింహాన్ని వీధి వీధి తిప్పింది నేనే కద. ఆ నేరంల నా వాటా ఎంతని మొదటి ఉత్తరంలనే అడిగినవ్. అదే నా వాటా.

ఇప్పుడు రెండోది. ఆర్డరిచ్చి తీసుకపోని పార్టీ ఎవరనుకున్నవ్? సిల్వర్ లయనే. జనవరిల ఒక సోమవారం శ్రుతిని దించనీకి పోతే గేటుకు తాళం. కాయితం కూడ అంటించలె. ఓనర్ ఫోన్ బంద్. మేనేజర్ ఫోన్ బంద్. ఎనభై మంది తల్లిదండ్రులం గేటు ముందర ఒకరి మొఖం ఒకరం చూసుకుంట నిలబడ్డం. అందరం ఫీజు కట్టినోళ్ళమే. ఎవరినడగాలెనో ఒక్కరికి తెల్వదు. శ్రుతి భుజం మీది బ్యాగు తియ్యకుండ గేటు కాడ కూసున్నది. "లేటుగ తెరుస్తరేమో అమ్మా, ఇంకొంచెంసేపు ఉందాం" అన్నది. పన్నెండింటి దాక ఉన్నం.

మర్నాడు మా ఇంటెనక సర్కారు బడికి తీసుకపోయిన. టీసీ లేదు. మూతపడ్డ బడి టీసీ ఎవరిస్తరు? సైకిల్ మీదొచ్చే ఆ సారు, "టీసీ నేను చూసుకుంట, ముందు పిల్లను కూసోనియ్యమ్మా" అన్నడు. ఆరు నెలల నుంచి నీ మేనకోడలు సర్కారు బడిలనే ఉన్నది. గుడ్డు ఏ బడిల పెడ్తరో ఇప్పుడన్న తెలిసిందా, పుస్తకాల పురుగా?

నీకెందుకు చెప్పలేదంటవా? చెప్తే సంతోషపడ్తవని. 'చూశావా అక్కా' అని మొదలుపెట్టి, నా బిడ్డ గేటు కాడ కూసున్న ముచ్చటను ఐదు వందలు అచ్చేయిస్తవని. అందుకే నీ నంబర్ బంద్ పెట్టిన, మెసేజుల కోసం కాదు. ఊళ్ళె అంత గొప్పలు చెప్పుకున్నదాన్ని, మొఖం చెల్లలె.

ఇప్పుడు చెల్లుతది. ఈ ఉత్తరం తీసుకపోయి అందరి ముందర చదివియ్యి. ఆ సింహం బడికి ఏమైందో వాళ్ళకు తెలవాలె. వెంకటన్న అడిగిండు కద, ఫీజు కట్టకుంటే ఎవరినడగాలెనని. ఫీజు కట్టి మేం ఎవరినడిగినమో ఆయనకు చెప్పు. కృప టీచరు తెల్లారితే వస్తది, పొద్దుగూకితే కనవడ్తది. ఆమెనడుగొచ్చు. ఆమె పైనున్న సారునడుగొచ్చు.

చదివేటప్పుడు ముందర, ఎనక నీ మాటలు తగిలియ్యకు.

వనజ

బొల్లిగట్టు,
1 ఆగస్టు 2025

మా అక్కకు,

ముందు లెక్క చెబుతాను. నిన్న ఎంఈఓ సారు వచ్చి తలలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. రెండుసార్లు లెక్కపెట్టి, అద్దాలు తుడుచుకొని మూడోసారి కూడా లెక్కపెట్టాడు. తాళం ఆయన జీపులోనే వచ్చింది, జీపులోనే పోయింది.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే బడి ముందు అందరినీ పిలిచాం. చదవడానికి లేచి, గొంతు సవరించుకొని "సోదర సోదరీమణులారా" అన్నానో లేదో, అమ్మ కాగితం గుంజుకుంది. "వీని చేతికియ్యకుండ్రి, మధ్యల ఏమన్న కలుపుతడు" అని కృప టీచరుకు ఇచ్చింది. వారం తర్వాత ఆమె నా గురించి అన్న మొదటి మాట అది. టీచరు హాజరు పిలిచే గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా చదివింది. శ్రుతి బ్యాగు తియ్యని చోటు మాత్రం రెండుసార్లు చదివింది. దేవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేనైతే దాని చుట్టూ పది ఆశ్చర్యార్థకాలు పెట్టి పాడుచేసేవాణ్ణి.

వెంకటన్న ముందుకు వచ్చి అన్నాడు, "అంటే ఫీజు కట్టినోళ్ళకు కూడ తాళమే వడ్డదా?"

"పడ్డది" అంది అమ్మ.

"మరి ఈ బడికి తాళం వడితే ఎవరినడగాలె?"

"నన్నడగండి" అంది టీచరు.

"ముందుగాల ఈ పొల్లగాన్ని అడుగుదం" అంది జములమ్మ అవ్వ నన్ను చూపించి, "దగ్గర్నే ఉంటడు, పనిపాట గూడ లేదు."

అందరూ నవ్వారు. మర్నాడు పొద్దున వ్యాను హారన్ కొడితే మన బడి పిల్లల్లో ఇద్దరే ఎక్కారు. రాజు నా దగ్గర ఆపి, "ఇయ్యాల పండుకోవా అన్నా?" అని అడిగాడు.

వెంకటన్నకు అడగవచ్చని తెలిసినప్పటి నుంచి ఆయన వదలడం లేదు. రోజూ వస్తున్నాడు. ఫ్యాను ఎందుకు తిరగడం లేదు, మూడో ఎక్కం ఎందుకు రాలేదు, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారు. మొన్న పప్పు పలచగా ఉందని అమ్మనే అడిగాడు. అమ్మ గరిటె చూపించింది. కానీ నిన్న పప్పు చిక్కగా ఉంది. "ఈయన్ను కొన్నాళ్ళు ప్రైవేటు బడికే పంపితే బాగుండు" అని టీచరు నాతో మెల్లగా అంది.

సంఘం నన్ను ఆరు నెలలు పక్కన పెట్టింది. నేను బాధపడుతున్నాను. తక్కువే.

ఇప్పుడు సింహం సంగతి. ఇంక మనకెందుకని సింధూజ చొక్కా మీది బిళ్ళ వాళ్ళమ్మ విప్పేసింది. విప్పితే ఏముంది, సూది రంధ్రాలు సింహం ఆకారంలోనే మిగిలాయి. పిల్ల ఒకటే ఏడుపు. జములమ్మ అవ్వ తీర్పు చెప్పింది: "బడి దొంగదైతే సింహమేం పాపం చేసింది? దాన్ని ఉండనియ్యుండ్రి. పేరు మార్చుండ్రి." సింహం కింద కుట్టడానికి 'బొల్లిగట్టు సర్కారు బడి' అని పట్టీలు కావాలి. అచ్చంగా ఆ మాటే కావాలట. వెంకటన్న దగ్గరుండి రాయించాడు.

అక్కా, శ్రుతి గేటు దగ్గర కూర్చున్న ముచ్చట నేను కరపత్రం వేయను. నిజంగా వేసేవాణ్ణే. నువ్వు నన్ను సరిగ్గానే బ్లాక్ చేశావు.

జితు

గద్వాల,
6 ఆగస్టు 2025

జితూ,

పట్టీలు ఇరవై రెండు పంపుతున్న. ఇంకో నాలుగు ఎక్కువ కుట్టిన, వ్యాను ఎక్కినోళ్ళు వాపసు వస్తే ఇయ్యి. సింధూజకు కొత్త సింహం వేరే పెట్టిన. పాత రంధ్రాల మీదనే కుట్టమను, సరిగ్గ కూసుంటది. ఈసారి మూట నువ్వే విప్పు.

అడుగున నీలం టై ఒకటి పొడుగ్గ కనవడ్తది. అది పిల్లలది కాదు. ఉరితాడు నీ సైజుల కుట్టిన. అమ్మ చేత కట్టించుకొని, సక్కగ నిలవడి, ఫోటో తీసి పంపు. శ్రుతి చూస్తనని కూసున్నది.

నీ నంబర్ తెరిచిన. ఒక్క ఫోటోనే. దాని కింద వ్యాసం వచ్చిందో, మల్ల మూస్త.

అక్క
వనజ